పురుటి వార్డుకు పాత దూలాలు

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా ఊళ్ళో ప్రతివాళ్ళూ చార్మినార్ ఎలా ఉందని అడుగుతున్నారు. చార్మినార్ బాగానే ఉంది. దాని కింద నిలబడి తల పైకెత్తి చూసే తీరిక నాకు దొరికింది ఒక్క పూటే. మిగిలిన రోజులన్నీ పాత ఇనుప దూలాల చుట్టూ తిరగడంతోనూ, వాటి కింద పడుకుని పైకి చూడడంతోనూ సరిపోయాయి. అడిగిన ప్రతివాళ్ళకీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

సంగతేమిటంటే, మా ఊరి ఆసుపత్రిలో పురుటి వార్డు పైకప్పును మోసే టేకు దూలాలను చెదలు తినేశాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంది. ఉలి ఆనిస్తే మాత్రం లోపలినుంచి పిండి రాలింది. ఓవర్సీరుని కనుక ఆ కప్పు దింపించింది నేనే. అప్పట్నుంచీ బాలింతలు వరండాలో తడికెల చాటున పడుకుంటున్నారు. నర్సు సుగుణమ్మగారు నేను ఎదురుపడినప్పుడల్లా, "ఓవర్సీరుగారూ, తొలకరి ఎప్పుడండీ?" అని అడిగేది. వానలు ఎప్పుడొస్తాయో ఆవిడకు తెలియదా?

కొత్త ఉక్కు దొరకదు. ఉన్నదంతా యుద్ధానికే చాలడం లేదు. పర్మిట్టు కోసం పెట్టుకున్న అర్జీ ఏ బల్లమీద నిద్రపోతోందో తెలియదు. హైదరాబాదు పాత బస్తీలో పెద్ద పెద్ద దేవిడీలు, అంటే నవాబుల కాలపు మేడలు, పడగొడుతున్నారనీ, వాటి ఇనుప దూలాలు కొట్లలో అమ్ముతున్నారనీ ఎవరో చెప్పారు. వెళ్ళి మంచివి ఏరి తేవాలి. చెడ్డవి తెస్తే అవి ఏదో ఒకరోజు పసిగుడ్ల మీద పడతాయి. ఏవీ తేకపోతే వాళ్ళ మీద వాన పడుతుంది. నేను బయల్దేరింది ఇందుకు.

సరిహద్దులో సుత్తి

నిజాం ఇలాకాలోకి రైలు రాగానే కరోడ్‌గిరీ వాళ్ళు, అంటే సుంకం వసూలు చేసే ఉద్యోగులు, పెట్టెలు తెరిపిస్తారు. నా ముందున్నాయన పెట్టెలో పట్టుచీరలున్నాయి. వాటిని అటూ ఇటూ తిప్పి మూసేశారు. నా సంచీలో సుత్తి, ఉలి, పురికొస, సుద్దముక్కలు, ఇనుముకు చిల్లులు పెట్టే బర్మా ఉన్నాయి. ఆ ఉద్యోగి వాటిని ఒక్కొక్కటే తీసి బెంచీమీద పరిచాడు.

"ఏందయ్యా ఇది? ఎవలి ఖజానా పలగ్గొట్టనీకె పోతున్నవ్?"

పాత ఇనుమును పరీక్ష చేయడానికని చెప్పాను.

"ఇనుమును పరీక్ష జేసుడేంది? ఇనుము ఇనుమే గద!"

ఈ మాట ఆ తర్వాత హైదరాబాదులో నేను కలిసిన ప్రతి మనిషీ నాతో అన్నాడు. అప్పుడు ఆ సంగతి తెలియక, పాపం, ఆ ఒక్కడే అమాయకుడనుకున్నాను. పోత ఇనుము వేరనీ, ఉక్కు వేరనీ, పోత ఇనుము వంగకుండానే ఫటుక్కున విరుగుతుందనీ, ఉక్కయితే వంగి మరీ చెప్పి విరుగుతుందనీ ఓపిగ్గా వివరించాను. అతను అంతా విని బర్మాకు సుంకం వేశాడు.

చార్మినార్ చుట్టూ

చార్మినార్‌కు దగ్గర్లో ఒక మేడమీద గది దొరికింది. కింద గాజుల కొట్టు. పొద్దున్నే కొలిమి మీద లక్క కరిగే వాసన కిటికీలోంచి వచ్చేది. మన రూపాయిని అక్కడ కల్దార్ అంటారు. వాళ్ళ రూపాయి హాలీ. కల్దార్ ఇస్తే హాలీ రూపాయీ పైన కొంత చిల్లరా వస్తాయి. ఎంత చిల్లర అనేది కొట్టుకూ కొట్టుకూ మారుతుంది. నేను అడిగితే, "అయితది తియ్ సారూ" అనేవాళ్ళు. మన వైపు పైసా దగ్గర చొక్కాలు పట్టుకుంటారు. ఇక్కడ పైసా గురించి అడగడమే మర్యాద తక్కువ పని.

తిండి సంగతి చెప్పాలి. పొద్దున్నే ఖిచిడీ, దానిమీదికి నువ్వులూ చింతపండూ కలిపిన పల్చటి పులుసు. దాన్ని ఖట్టా అంటారు. మొదటిరోజు మొహం మాడ్చుకుని తిన్నాను. మూడోరోజుకు రెండోసారి వడ్డించమని అడిగాను. కాఫీ మాత్రం ఎక్కడా లేదు. ఇరానీ హోటల్లో చాయ్ ఇస్తారు. అది ఎంత చిక్కగా ఉంటుందంటే తాగాక మూతి తుడుచుకోక తప్పదు. కాఫీ లేక నాకు రోజూ పదింటికల్లా తలనొప్పి వచ్చేది. ఈ కథనంలో నేను ఎక్కడైనా అతిగా విసుక్కున్నట్టు కనిపిస్తే అందులో సగం కాఫీ లేకపోవడం వల్లనే అనుకోండి.

ఇనుప కొట్లన్నీ తిరిగాను. ఏ కొట్టుకు వెళ్ళినా ఒకటే పద్ధతి. దూలం చూపించమంటే చూపిస్తారు. గట్టిదేనా అంటే సుత్తి తీసి ఠంగుమని కొడతారు.

"ఆవాజ్ ఇన్నవా సాబ్? మస్తు ఆవాజ్!"

మోగితే గట్టిదట. మన ఆడవాళ్ళు సంతలో కుండను వేలితో కొట్టి కొంటారు చూడండి, ఆ లెక్కలో వీళ్ళు దూలాలు కొంటున్నారు. ఒక ముక్క కోసి ఇవ్వండి, వంచి చూస్తాను అంటే, పెళ్ళిచూపుల్లో పిల్ల వేలు కోసి చూపించమన్నట్టు చూశారు. ఒక కొట్టాయన సుత్తి నా చేతికే ఇచ్చి, "నీ మనసు నిండేదాంక నువ్వే కొట్టుకో భాయ్" అన్నాడు.

కిషన్‌బాగ్

చివరికి ఎవరో కిషన్‌బాగ్‌లో దస్తగీర్ సేఠ్ దగ్గరికి వెళ్ళమన్నారు. ఝట్కా బండిలో నడుము విరిగేలా వెళ్ళాను. సేఠ్‌ది పాత ఇనుము పేర్చిన పెద్ద ఖాళీ స్థలం. పక్కనే బాలయ్య అనే ఆయన గేదెల కొట్టం. రెంటికీ నడుమ గోడ ఒకప్పుడు ఉండేదట.

సేఠ్ దగ్గర ఏడు దూలాలున్నాయి. నాకు కావలసినవి ఆరు. పొడవు సరిపోయింది, మందం సరిపోయింది. షాలిబండ దగ్గర ఒక దేవిడీలో పెద్ద హాలు పడగొడితే వచ్చినవట. పచ్చరంగు నున్నగా వేసి ఉంది. పాత దూలానికి అంత కొత్త రంగేమిటని అప్పుడే నాకు అనుమానం రావలసింది. ఇన్ని రోజుల తర్వాత సరైన పొడవు కనబడేసరికి సంతోషంలో కళ్ళు మూసుకుపోయాయి.

సేఠ్ కూడా సుత్తి తీశాడు.

"కొట్టకండి సేఠ్‌గారూ. దణ్ణం పెడతాను, కొట్టకండి," అన్నాను.

ఒక దూలం కాస్త పొడవెక్కువ. దాని చివర ఒక ముక్క కోయడానికి ఆయన్ను ఒప్పించేసరికి పొద్దు వాలింది. "నా జబాన్ మీద భరోసా లేదా సాబ్?" అని ఆయన. మీ మాట మీద నమ్మకముంది, దూలం మీద లేదు అని నేను. నడుమ నాలుగుసార్లు చాయ్ వచ్చింది. ఆయనకు కోపం వచ్చినప్పుడల్లా చాయ్ తెప్పిస్తాడు. అతిథి ముందు గొంతు పెంచకుండా ఉండడానికి ఆయనకు అదొక్కటే దారిలా ఉంది.

ముక్కను కమ్మరి చేత వేడి చేయకుండా రెండుగా మడత పెట్టించాను. మడత వెలుపలి అంచున చీలిక రాలేదు. బర్మాతో చిల్లు పెడితే పొడి రాలకుండా చుట్టలు చుట్టలుగా ఇనుప పీచు వచ్చింది. ఉక్కే, మంచి ఉక్కు. నాకు ఆనందం ఆగలేదు. సేఠ్ మాత్రం, "అదే నేను పొద్దున చెప్పిన గద," అన్నాడు.

అరుగు మీద మజ్లిస్

ఉక్కు మంచిదైతే దూలం మంచిదని కాదు. ఇన్నేళ్ళు ఎక్కడ ఏం మోసిందో, ఎక్కడ తుప్పు తిన్నదో, బరువు పెట్టి చూస్తేగాని తెలియదు. బరువు పెడితే కాస్త వంగాలి. తీస్తే మళ్ళీ మొదటికి రావాలి. రాకపోతే దాని పని అయిపోయినట్టే.

బాలయ్య దొడ్లో రెండు వైపులా రాళ్ళు పేర్చి, వాటిమీద రెండు దూలాలు పక్కపక్కన పెట్టించాను. చాంద్రాయణగుట్ట వైపునుంచి ఎవరిదో ప్రహరీ కోసం బండల బండ్లు వస్తుంటే బతిమాలి ఒకరోజుకు ఆ బండలు దింపించుకున్నాను. అవి దూలాల మీద అడ్డంగా పేర్పించాను. నడుమ పక్కన ఒక కర్ర పాతి, దూలం అంచు ఎక్కడికి దిగిందో సుద్దతో గీత పెట్టాను. తెల్లారేదాకా ఎవరూ ముట్టుకోవద్దని అందరికీ చెప్పి గదికి వెళ్ళాను.

పొద్దున వచ్చేసరికి నా పరీక్ష మీద ఎనిమిదిమంది కూర్చుని ఉన్నారు.

చాయ్ కప్పులున్నాయి. హుక్కా ఉంది. ఒక పెద్దాయన చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని కాళ్ళు పైకి మడుచుకున్నాడు. నడుమ బాలయ్య.

నేను అరిచిన అరుపుకు గేదెలు తాళ్ళు తెంపుకోబోయాయి.

"గట్ల ఒర్రుతవేంది సారూ?" అన్నాడు బాలయ్య, లేవకుండానే. "మంచిగ అరుగు లెక్క కనబడ్డది, కూసున్నం. ఏం పోయింది?"

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"ముట్టుకోలే. కూసున్నం."

ఈ బస్తీలో నాలుగు బండలు సమంగా పరిచి ఉంటే దానిమీద కూర్చోకుండా ఎవరూ దాటిపోరని నాకేం తెలుసు? మా వైపు అరుగు అంటే ఆ ఇంటివాళ్ళది. పిలిస్తేనే కూర్చుంటాం. ఇక్కడ అరుగు కట్టించిన వాడొకడు, కూర్చునేది వీధంతా.

వాళ్ళను లేపి చూస్తే దూలం అంచు నా సుద్దగీత కన్నా చాలా కిందికి దిగిపోయింది. బండలన్నీ దింపించాను. ఒక దూలం పైకి వచ్చింది. రెండోది వంగినది వంగినట్టే ఉండిపోయింది.

ఇక లొల్లి మొదలైంది. జనం కూర్చున్నందుకే దూలం చెడిపోయిందని దస్తగీర్ సేఠ్. "బండలు మోసిన దూలం మమ్ముల మోయదా?" అని బాలయ్య. నాకు ఇద్దరిమీదా మండిపోయింది. కాని ఆలోచిస్తే బాలయ్య అన్నదే సబబు. ఎనిమిదిమంది మనుషులకు లొంగిపోయిన దూలం వానలో తడిసిన పైకప్పును ఏం మోస్తుంది? ఎందుకు లొంగిందో చూద్దామని ఉతికిన చొక్కాతో ఆ పేడ దొడ్లో వెల్లకిలా పడుకుని దాని కిందికి దూరాను.

నడిమధ్యన పచ్చరంగు బీటలు వారింది. రంగు వెనకాల గట్టిపడిన సున్నం. గోరుతో గీకితే సున్నపు బిళ్ళ ఊడి నా కంట్లో పడింది. అది ఊడిన చోట బొటనవేలు దూరేంత చిల్లు. దాని పక్కన ఇంకోటి. పక్కన ఇంకోటి. ఒక చిల్లు అంచునుంచి వెంట్రుకంత పగులు బయల్దేరి పక్క చిల్లుదాకా పోయింది. మిగిలిన దూలాలు కూడా గీకి చూశాను. అన్నిటికీ నడుమ కింది అంచులోనే చిల్లులు. పగుళ్ళు మాత్రం వేరే దేనికీ లేవు.

ఇంతకంటే చెడ్డచోటు ఏ దూలానికీ ఉండదు. బరువు పడ్డప్పుడు దూలం పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది. అన్నిటికన్నా ఎక్కువ సాగేది నడుమ. గట్టిగా లాగి పట్టుకున్న గుడ్డకు సరిగ్గా నడుమ కత్తెర పెట్టినట్టు ఎవరో పనిగట్టుకుని అక్కడే చిల్లులు పెట్టారు. పైగా సున్నం కూరి, రంగు వేసి, నా నెత్తిన పెట్టబోయారు.

"సేఠ్‌గారూ, ఇదేమిటి?"

దస్తగీర్ సేఠ్ చాయ్ తెప్పించలేదు. తల వంచుకుని, "దేవిడీకి పోదాం పదండి. బేగం సాహెబా ముంగటనే చెప్తా," అన్నాడు.

షాలిబండ దేవిడీ

దారిపొడవునా ఆయన్ను ఏమనాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. దేవిడీలో పడగొట్టిన హాలు చోట మట్టి గుట్టలున్నాయి. మిగిలిన భాగంలో ఒక గదికి పరదా కట్టి ఉంది. పరదా వెనక ఆ ఇంటి యజమానురాలు బేగం సాహెబా, ఇవతల యాదమ్మ అనే ముసలి పనిమనిషి. బేగం మాట నాకు సగమే అర్థమయ్యేది. యాదమ్మ దాన్ని తెలుగు చేసి, తన మాట కొంత కలిపి నా మీదికి విసిరేది.

"అమ్మగారు అడుగుతున్నరు, మా దూలాల కింద పండి సూశినాయన నువ్వేనా?"

నేనే అన్నాను. ఆ చిల్లులు ఎవరు పెట్టారని అడిగాను.

"ఎవలేంది? ఉయ్యాల కొక్కేలకు పెట్టించినయి. మూడు తరాల సంది గీ ఇంట్ల ఎవలు పుట్టినా కొత్త చిల్లు, కొత్త కొక్కెం. ఒకల కొక్కేనికి ఇంకొకల ఉయ్యాల కట్టరు. తమ్ముని ఉయ్యాల అన్న కొక్కేనికి ఏస్తే అన్నకు మంచిది గాదు."

మూడు తరాలుగా ఈ ఇంట్లో పిల్ల పుట్టినప్పుడల్లా నిచ్చెన వేసి, కప్పును మోసే దూలానికి బర్మా పెట్టారన్నమాట! కప్పు ఇన్నాళ్ళు ఎలా నిలిచిందో దేవుడికే తెలియాలి.

"సరే, పెట్టారు. నడిమధ్యనే ఎందుకు పెట్టాలి? గోడ దగ్గరయితే ఇంత ప్రమాదం లేదు కదా!"

పరదా వెనకనుంచి చిన్న నవ్వు వినిపించింది. యాదమ్మకు ఆ నవ్వును తెలుగు చేసే పని పడలేదు.

"గోడ పొంట కడ్తే ఉయ్యాల గోడకు తాకదా సారూ? నీకు పిల్లలు లేరా?"

నాకు నలుగురు. ఒక్కళ్ళ ఉయ్యాల కట్టినప్పుడూ నేను ఇంట్లో లేను. ఆ సంగతి చెప్పడం ఇష్టం లేక సేఠ్ వైపు తిరిగి, సున్నం ఎందుకు కూరారని అడిగాను. అప్పుడు ఆయన చెప్పాడు. దూలాలు అమ్మినప్పుడు బేగం ఆయన చేత ఒట్టు వేయించుకుందట. మళ్ళీ ఏదైనా కప్పుకే ఇవ్వాలి, కొలిమిలో కరిగించకూడదని. చిల్లులు చూసి ఏడాదిగా ఎవరూ కొనలేదు. కరిగిస్తే ఒట్టు పోతుంది. దాచుకుంటే పెట్టుబడి పోతుంది. అందుకని సున్నం, పచ్చరంగు.

"ఆ కప్పు ఎవరి మీద పడితే మీ ఒట్టు నిలుస్తుందండీ?" అని అరిచాను. ఆడవాళ్ళ ముందు అరవకూడదని తెలుసు. ఆగలేకపోయాను. "నేను తీసుకెళ్ళేది పురుటి వార్డుకు! దాని కింద పడుకునేది నిన్న మొన్న కన్న తల్లులు!"

పరదా వెనకనుంచి బేగం నెమ్మదిగా ఏదో చెప్పింది. యాదమ్మ ఈసారి తన మాట కలపకుండా చెప్పింది.

"అమ్మగారు అంటున్నరు, పిల్లలు పుట్టే జాగకు పోతే మంచిదే. గని మంచిగ సూసుకో. గీ ఇంటి మీద మర్యాదకని పాడు దూలం ఒక్కటి గూడ తీస్కపోకు. పలిగినదాన్ని కొలిమిల ఎయ్యమంటున్నరు. గా ఒక్కదానికి సేఠ్ ఒట్టు ఇడిసిపెట్టిన్రు."

ఆ పగిలిన దూలానికి ఎవరెవరి ఉయ్యాలలు కట్టారో నేను అడగలేదు. సేఠ్ కళ్ళు తుడుచుకున్నాడు. నా కోపం ఏమైందో నాకే తెలియలేదు. వెండి గిన్నెలో సేమ్యా పాయసం లాంటిది పెట్టారు, తిన్నాను. కోపంగా వెళ్ళి పాయసం తిని రావడం నాకు అలవాటు లేదు.

మళ్ళీ కిషన్‌బాగ్

అయినా నా చేతిలో మంచి దూలం ఒక్కటీ లేదు. తిరుగు రైలెక్కి సుగుణమ్మగారికి ఏం చెప్పాలా అనుకుంటూ ఒక రోజు గడిపి, మూడోనాడు సేఠ్ దగ్గర లెక్క తేల్చుకోవడానికి వెళ్ళాను. నేను వచ్చేలోగా సేఠ్, నాకు సాయం చేద్దామనే పాపం, హమాలీల చేత ఇంకో రెండు దూలాలను రాళ్ళమీద పెట్టించాడు. వాళ్ళు వాటిని తలకిందులుగా పెట్టారు. చిల్లులన్నీ ఆకాశం వైపు చూస్తున్నాయి.

ఈ ఊళ్ళో ఒక్క పనీ సరిగ్గా జరగదా అని తిట్టడానికి నోరు తెరిచాను. తిట్టకుండానే వంగి దూలం కింది అంచు తడిమి చూశాను.

చిల్లులు పైకి ఉంటే అవి నొక్కుకునే వైపున ఉన్నట్టు. సాగే వైపు నిండుగా, మచ్చలేకుండా కిందికి వచ్చింది. నొక్కుకునేచోట చిల్లును ఇనుముతో బిగువుగా నింపితే, ఆ నింపిన ఇనుము కూడా బరువు పంచుకుంటుంది. సాగేచోట నింపితే ప్రయోజనం లేదు, నొక్కేచోట ఉంది. మూడు రోజులుగా ఆ చిల్లులను తిట్టడంలోనే ఉన్నాను గాని, దూలాన్ని తిప్పిచూద్దామన్న ఆలోచన నాకు తట్టనేలేదు.

కమ్మరిని పిలిచి చిల్లు చిల్లుకూ ఎర్రగా కాల్చిన రివెట్టు దిగగొట్టించాను. ఆ చప్పుడుకు కిషన్‌బాగ్ అంతా వచ్చి చూసింది. తర్వాత బండలు పేరుద్దామంటే బండలు లేవు. ప్రహరీ వాళ్ళు వచ్చి తీసుకుపోయారట. చుట్టూ చూశాను. బరువు కావాలంటే ఉన్నది ఈ జనమే. సేఠ్ కొట్లోంచి చెక్కలు తెచ్చి దూలాల మీద పరిపించాను. పక్కన కర్ర పాతి, బరువు లేనప్పుడు దూలం అంచు ఎక్కడుందో మొదటి గీత పెట్టాను.

"బాలయ్యా, కాస్త అందరూ వచ్చి దీనిమీద కూర్చోండయ్యా."

ఒక్కడూ కదల్లేదు.

"మొన్న లెమ్మంటివి. ఇయ్యాల కూసోమంటున్నవు," అన్నాడు బాలయ్య. "మాకు గూడ షరం ఉంటది సారూ."

బతిమాలాను. మొన్న అరిచినందుకు ఏమీ అనుకోవద్దన్నాను. సేఠ్ చాయ్ తెప్పించాడు. చాయ్ కప్పులు చెక్కలమీద పెట్టాకగాని వాళ్ళ కాళ్ళు కదల్లేదు. ఒకాయన కూర్చున్నాడు, ఇంకొకాయన కూర్చున్నాడు, చివరికి బాలయ్య కూడా. చోటు చాలక ఒకరి ఒళ్ళో ఒకరు అన్నంతగా నిండిపోయారు. పాలడబ్బాలు నింపి పైకి ఎక్కించారు. మొన్నటి ఎనిమిదిమందికీ బండలకూ మించిన బరువు అది. నేను అంచు దిగినచోట కర్రమీద రెండో గీత పెట్టి, చాయ్ తాగుతూ, వాళ్ళ కబుర్లు పూర్తయ్యేదాకా కాచుకున్నాను. వాళ్ళ కబుర్లు అంత తొందరగా పూర్తికావు. ఆ రోజు ఆ సంగతి నాకు అక్కరకొచ్చింది.

ఒక్కసారిగా అందరినీ దిగమన్నాను. దూలం అంచు మొదటి గీత దగ్గరికి వచ్చి ఆగింది. మళ్ళీ చూశాను. అక్కడే ఉంది. నేను బాలయ్యను కౌగిలించుకున్నాను. ఆయన ఒంటినిండా గేదె వాసన.

"గింత దానికి ఎందుకు సారూ అంత ఫికర్ జేసినవు?" అన్నాడు.

మిగిలిన రెండు జతలనూ అలాగే కూర్చోబెట్టి పరీక్షించాం. ఆరూ నిలిచాయి. ఏడోదాన్ని సేఠ్ కొలిమికి పంపించాడు. పంపేముందు దానికి వేసిన పచ్చరంగంతా గీకించాడు. ఎందుకని నేను అడగలేదు.

ఇంటికొచ్చాక

దూలాలు ఎలా వచ్చాయో, కరోడ్‌గిరీ వాళ్ళు వాటిని చూసి ఏమన్నారో రాయను. రాస్తే మళ్ళీ తలనొప్పి వస్తుంది. తొలకరికి ముందే వచ్చాయి. రివెట్ల వైపు పైకి పెట్టి, పక్కన నేనే నిలబడి, ఒక్కొక్కటీ గోడల మీద ఎక్కించాను. కప్పు పడింది. బాలింతలు లోపలికి వచ్చారు. సుగుణమ్మగారు తొలకరి గురించి అడగడం మానేసింది.

నాలుగు రోజుల తర్వాత మబ్బు పట్టిన మధ్యాహ్నం, కప్పు ఎక్కడైనా కారుతుందేమో చూద్దామని వార్డుకు వెళ్ళాను. లోపల నిచ్చెన వేసి ఉంది. నిచ్చెన మీద మా ఊరి కమ్మరి. చేతిలో బర్మా. దూలానికి నడిమధ్యన, కింది అంచున, ఆరు దూలాల్లో ఎక్కడా మచ్చలేదని నేను దేశంమీద పడి తిరిగి తెచ్చిన ఆ వైపున, చిల్లు పెడుతున్నాడు.

నేను పెట్టిన కేకకు వార్డులో పసివాళ్ళందరూ ఒక్కసారి లేచి ఏడుపు అందుకున్నారు.

"ఎవరు పెట్టమన్నారు? ఎవరు పెట్టమన్నారయ్యా!"

"తల్లులంతా అడుగుతున్నారండీ," అంది సుగుణమ్మగారు. "మీకు చెబుదామనే అనుకున్నాను."

మంచం పక్కనుంచి ఒక ముసలమ్మ లేచింది. కోడలు పొద్దున్నే కన్నదట. చేతిలో మడత పెట్టిన పాతచీర.

"అరుపులెందుకు నాయనా? దూలమంటూ ఉన్నాక ఉయ్యాల వెయ్యరటయ్యా? వెయ్యకపోతే పసివాడు ఎలా పడుకుంటాడు?"

నడుమే ఎందుకని నేను ఆవిడను అడగలేదు. ఉయ్యాల గోడకు తగులుతుందని నాకు తెలుసు. కమ్మరిని నిచ్చెన దింపించాను. చిల్లు ఇంకా గీటంతే పడింది, దేవుడి దయ. దూలం కింది అంచును రెండు వైపులనుంచీ కౌగిలించుకునే పట్టీ చేసి, దానికి కొక్కెం వేసి, మంచం మంచానికీ ఒకటి బిగించమని చెప్పాను. చిల్లు అనే మాట ఎవరి నోటినుంచీ రాకూడదన్నాను. అతను కొలిమి రాజేసుకోవడానికి వెళ్ళాడు. సాయంత్రం దాకా పడుతుందన్నాడు.

పిల్లవాడు ఏడుపు ఆపలేదు. నా కేకతో లేచినవాడు కదా. ముసలమ్మ చీర విప్పి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస నా వైపు చాచింది. సుగుణమ్మగారు వాణ్ణి తెచ్చి నడుమ వేసింది. వాడు అరచెయ్యంత ఉన్నాడు గాని బరువు మాత్రం నా భుజాలకు తెలుస్తూనే ఉంది. ఊపడం నాకు రాదు. "మెల్లిగా నాయనా, ఏతం తోడుతున్నావా?" అని ముసలమ్మ కసురుకుంది. నేర్చుకున్నాను. ఊపగా ఊపగా వాడు పడుకున్నాడు. ఆపితే లేస్తాడని ఆవిడ ఆపనివ్వలేదు. బయట వాన మొదలైంది. కప్పు మీద పెద్దగా చప్పుడు చేస్తూ కురిసింది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. కొక్కెం వచ్చేదాకా మేమిద్దరం అలాగే నిలబడి ఊపుతూనే ఉన్నాం.